విలన్ల వంశవృక్షం గీసిన తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం పూర్తిగా చదివాను. స్టార్ వార్స్ విలన్లందరినీ ఒకే వంశంలోకి లాక్కొచ్చి, పాల్పటీన్ చక్రవర్తిని మూలపురుషుడిగా కూర్చోబెట్టి, చివర్లో వంశవృక్షం కూడా గీశావు. బాగా కష్టపడ్డావు. ఏ సినిమాలో ఎవరేమన్నారో నీకు కంఠతా వచ్చని తెలుస్తూనే ఉంది. కానీ చదవడం అయ్యాక ఆ సినిమాల్లో ఒక్క సీను కూడా మళ్లీ చూడాలనిపించలేదు నాకు. థియరీ రాసేవాడికి ఇంతకంటే పెద్ద దెబ్బ లేదు. నీ ఊహ తప్పని తేలినా నాకు ఫర్వాలేదు. ఆ సీన్ల దగ్గరికి నన్ను మళ్లీ పంపి ఉంటే చాలు.

ముందు నీ లెక్క చూద్దాం. తర్వాత డార్త్ వేడర్‌గా మారే అనకిన్ స్కైవాకర్‌కు తండ్రి లేడని 1999 సినిమాలో తల్లి ష్మీ చెబుతుంది. 2005లో పాల్పటీన్, డార్త్ ప్లేగస్ అనే సిత్ గురువు (సిత్‌లంటే చీకటి శక్తిని వాడేవాళ్లు) కథ చెబుతూ, ఆయనకు ప్రాణుల కణాల్లో ఉండే మిడిక్లోరియన్లను కదిలించి ప్రాణం పుట్టించే విద్య తెలుసంటాడు. 2018 చివర్లో వచ్చిన వేడర్ కామిక్‌లో గర్భవతిగా ఉన్న ష్మీ వెనక పాల్పటీన్ ఆకారం కనిపిస్తుంది. ఈ మూడూ కలిపి పాల్పటీనే అనకిన్‌కు తండ్రి అని తేల్చేశావు. సరే. 2019 సినిమా ప్రకారం కొత్త సినిమాల కథానాయిక రే పాల్పటీన్‌కు మనవరాలు, ఆయన కొడుకు కూతురు. అంటే నీ లెక్కన రే నాన్న, అనకిన్ అన్నదమ్ములు. అనకిన్ కూతురు లీయాకు రే చెల్లెలవుతుంది. లీయా కొడుకు బెన్‌కు, అంటే కైలో రెన్‌కు, పిన్ని అవుతుంది. అదే సినిమా చివర్లో బెన్, రే ముద్దు పెట్టుకుంటారు! వరసలు చూసుకోకుండా వంశవృక్షం గీస్తే ఇలాగే ఉంటుంది.

అసలు రచయితలకు మాత్రం ఇది జరగలేదా అంటావు. జరిగింది. 1980 సినిమాలో లీయా, కథానాయకుడు ల్యూక్‌ను ముద్దు పెట్టుకుంటుంది. 1983కి వచ్చేసరికి వాళ్లిద్దరూ కవలలని తేలింది. ముందే అనుకుని ఉంటే ఆ ముద్దు సీను ఉండేదే కాదు. కానీ సినిమా తీసేవాళ్లకు మూడేళ్లకో సినిమా వస్తుంది, మధ్యలో మనసు మార్చుకుంటారు. నీ ముందు సినిమాలన్నీ తయారుగా ఉన్నాయి. నీ థియరీ ఏ సీన్‌ను ఇబ్బంది పెడుతుందో పాఠకుడు అడగకముందే నువ్వు చెప్పాలి. దాచిపెడితే పట్టేసుకుంటారు. ఈ అభిమానులు మామూలు వాళ్లు కారు.

అసలు విషయానికి వస్తాను. నీ వ్యాసంలో ఆధారాలన్నీ ఒకే వరసలో పేర్చావు. ష్మీ మాట, పాల్పటీన్ మాట, కామిక్ బొమ్మ అన్నిటికీ ఒకే విలువ. ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, ఆ క్షణంలో ఏం కావాలని చెప్పారు అన్నది ఒక్కచోటా లేదు. ఈ కథలో పుట్టుక గురించి ఎవరు నోరు విప్పినా దాదాపు ప్రతిసారీ వెనక ఒక అవసరం ఉంటుంది. అది పట్టుకుంటే నీ వ్యాసం సగం దానంతటదే నడుస్తుంది.

1977 సినిమాలో ముసలి జెడై (జెడైలంటే సిత్‌ల శత్రువులు) ఒబీ-వాన్ ఇంట్లో ల్యూక్ తన తండ్రి ఎలా చనిపోయాడని అడిగే సీను ఉంది కదా, అది మళ్లీ చూడు. ఒబీ-వాన్‌గా వేసిన అలెక్ గిన్నిస్ వెంటనే జవాబు చెప్పడు. ఒక్క క్షణం ఆగుతాడు, చూపు పక్కకు పోతుంది. తర్వాత, వేడర్ అనే తన శిష్యుడు మీ నాన్నను చంపేశాడని చెబుతాడు. కాసేపటికే తనతో ఆల్డెరాన్ గ్రహానికి రమ్మంటాడు. కుర్రాణ్ణి వెంట తీసుకెళ్లాలి, అందుకు చెప్పాల్సినంతే చెప్పాడు. 1980లో వేడర్ సంగతీ అంతే. ముందు తనతో కలిసిపొమ్మని అడుగుతాడు. చెయ్యి తెగి, కిందంతా శూన్యం పెట్టుకుని వేలాడుతున్న ల్యూక్ ఒప్పుకోడు. అప్పుడు మీ నాన్నను నేనే అంటాడు. అన్న మరుక్షణం మళ్లీ అదే బేరం, ఈసారి తండ్రీకొడుకులుగా గెలాక్సీని ఏలుదామని. ఆ ఒక్క మాటకు అటూ ఇటూ రెండుసార్లు బేరం ఉందని నీ వ్యాసంలో ఎక్కడా లేదు. ఎవరికి ఎవరు తండ్రి అన్నది మాత్రం గీత గీసి చూపించావు.

వేడర్ గొంతు ఇచ్చిన జేమ్స్ ఎర్ల్ జోన్స్ ఆ డైలాగ్ మొదటిసారి చదివినప్పుడు, వేడర్ అబద్ధమాడుతున్నాడని అనుకున్నాడట. నాకు ఆ మాట చాలా ఇష్టం. అది పొరపాటు కాదు, ఆ సీన్‌ను సరిగ్గా చదివినవాడికి రావాల్సిన అనుమానమే అది. ప్రేక్షకులు కూడా మూడేళ్లు ఆ అనుమానంతోనే వాదించుకున్నారు. 1983లో చావు మంచం మీద ఉన్న ల్యూక్ గురువు యోడా అవునని చెప్పాకే తేలింది. ఇక్కడ యోడాను ఎందుకు వాడారో ఆలోచించు. ఆ కుర్రాడి నుంచి ఏమీ ఆశించకుండా ఆ మాట చెప్పగల మనిషి కావాలి.

మన కర్ణుడి కథలోనూ ఇదే ఉంది. పుట్టుక రహస్యం పాఠకుడికి ఎప్పుడో తెలుసు, కర్ణుడికి చెప్పేది ఎప్పుడు? యుద్ధం తప్పదని తేలాక. ముందు కృష్ణుడు, తర్వాత కుంతి. ఇద్దరికీ అతను పాండవుల వైపు రావాలి. అతను నమ్ముతాడు, అయినా రాడు. ల్యూక్ కూడా చెయ్యి వదిలేసి కిందికి దూకుతాడు. విషయం తెలిశాక ఆ మనిషి ఏం చేశాడన్నది రాయి. అక్కడే చదివేవాడు ఆగుతాడు.

ఇప్పుడు నీ మూడు ఆధారాలనూ ఇలా చూడు. 2005 సినిమాలో నాటకశాల సీను. అనకిన్ రాగానే పాల్పటీన్ పక్కనున్న వాళ్లను లేచి వెళ్లమంటాడు. భార్య పద్మే చనిపోతుందని అనకిన్‌కు కలలు వస్తున్నాయి, ప్రేమించినవాళ్లను చావు నుంచి కాపాడే విద్య ఒకటుందని కథ రూపంలో వినిపిస్తాడు. ప్లేగస్‌ను అతని శిష్యుడే నిద్రలో చంపేశాడని చెప్పేటప్పుడు పాల్పటీన్‌గా వేసిన ఇయాన్ మెక్‌డయార్మిడ్ ముఖం చూడు. ఆ శిష్యుడు ఎవరో పైకి చెప్పడు, మనకు అర్థమైపోతుంది. అక్కడ అతను అమ్ముతున్నది మృత్యువును ఆపే విద్య. ప్రాణం పుట్టించడం గురించిన ముక్క మధ్యలో ఒకసారి వచ్చి పోతుంది. ఇలాంటివాడి మాటను కోర్టులో సాక్ష్యంలా తెచ్చి పెట్టావు నువ్వు. ఇక కామిక్ బొమ్మ వేడర్ మనసులో నడుస్తున్న దృశ్యంలోది. జీవితమంతా ఒక మనిషి చేతిలో కీలుబొమ్మగా బతికినవాడికి తన పుట్టుకలోనూ ఆ మనిషే కనబడటంలో వింతేముంది? ఆ కోణంలో రాసి ఉంటే పాల్పటీన్ తండ్రి అయినా కాకపోయినా నీ వ్యాసం నిలబడేది. ష్మీ మాట ఒక్కటే ఏ స్వార్థమూ లేని మాట, ఆమె చెప్పింది తండ్రి లేడని, అదెలా జరిగిందో తనకు తెలియదని.

ఇంకొకటి. రెండు వేర్వేరు పరంపరలను నువ్వు కలిపేశావు. స్కైవాకర్లది రక్తసంబంధం. సిత్‌లది గురుశిష్య సంబంధం. డార్త్ బేన్ అనే పాత సిత్ గురువు పెట్టిన నియమం ప్రకారం సిత్‌లు ఎప్పుడూ ఇద్దరే ఉండాలి, గురువు ఒకడు, శిష్యుడు ఒకడు, శిష్యుడికి బలం వచ్చిన రోజు గురువుకు చావు. 1999 సినిమాలో, సిత్ చేతిలో చనిపోయిన జెడై క్వై-గాన్ చితి దగ్గర యోడా ఈ ఇద్దరి సంగతి చెబుతాడు. మరి ఇప్పుడు చచ్చిన సిత్ గురువా, శిష్యుడా అని ఇంకో జెడై మేస్ విండూ అడుగుతాడు. కెమెరా మెల్లగా పాల్పటీన్ మీదికి వెళ్లి ఆగుతుంది. ఒక్క మాట లేకుండా వంశావళి చెప్పడమంటే అది. వేడర్ ఈ రెండు పరంపరలూ కలిసే చోట నిలబడ్డాడు, ఒకవైపు కొడుకు, ఇంకోవైపు గురువు. 1983లో కొడుకును కాపాడటానికి గురువు పాల్పటీన్‌ను ఎత్తి పడేసినప్పుడు సిత్ నియమమూ నెరవేరింది, తండ్రి అన్న మాటా నిలబడింది. ఆ సీన్‌కు అంత బలం అందుకే వచ్చిందని నా నమ్మకం.

కొత్త సినిమాల్లో కైలో రెన్‌కు గురువైన విలన్ స్నోక్ మీద నువ్వు రాసిన పేజీలు తీసెయ్యమని అనను గానీ, తిప్పి రాయాలి. 2015 నుంచి 2017 దాకా స్నోక్ ఎవరు అన్నదే పెద్ద టెన్షన్. ప్లేగస్ బతికి వచ్చాడని చాలామంది వాదించారు. ముఖం మీద గాయాలున్నాయి, చావును జయించే విద్య తెలిసినవాడు కదా అన్నారు. నాటకశాల సీన్‌లో వినిపించే మగగొంతుల సంగీతమే స్నోక్‌కూ వినిపిస్తోందన్నారు. ఈ చివరిది నిజంగా మంచి గమనింపు, ఆ సంగీతం రెండుచోట్లా జాన్ విలియమ్స్‌దే. 2017లో స్నోక్ ఎవరో చెప్పకుండానే చచ్చాడు, చాలామందికి కోపం వచ్చింది. ఆ చావు ఎలా జరిగిందో చూడు. కైలో రెన్ మనసు చదువుతున్నానని గొప్పగా చెప్పుకుంటూ, తన శత్రువు వైపు కత్తి తిప్పుతున్నాడని స్నోక్ వ్యాఖ్యానం చెబుతుంటాడు. తిరుగుతున్న కత్తి అతని పక్కన ఉన్నదే. శిష్యుడి చేతిలో గురువు చావు! స్నోక్ సిత్ కాడు, అయినా సిత్ గురువులు పోయే దారిలోనే పోయాడు. అతని పుట్టుక అక్కర్లేకుండానే పరంపరలో అతని స్థానం తేలిపోయింది. 2019లో ఎక్సెగోల్ గ్రహం మీద తొట్టెల్లో తేలే స్నోక్ శరీరాలను చూపించి, పాల్పటీన్ తయారుచేసిన బొమ్మని చెప్పారు. ప్రశ్నకు జవాబైతే దొరికింది. 2017 సీన్‌కు మాత్రం దానివల్ల కొత్తగా ఏమీ కలవలేదు.

రే విషయంలో నాది పక్షపాతమే, దాచుకోను. 2017లో ఆమె తల్లిదండ్రులు ఎవరూ కారని, తాగుడు డబ్బుల కోసం అమ్మేసుకున్నారని కైలో చెబుతాడు. చెప్పి చెయ్యి చాస్తాడు. 2019లో నువ్వు పాల్పటీన్ మనవరాలివని చెప్పేదీ కైలోనే, చెప్పి మళ్లీ చెయ్యి చాస్తాడు! రెండూ ఎరలే అయినప్పుడు, నాకు మొదటిదే బలంగా అనిపిస్తుంది. అనామకురాలికి అంత శక్తి ఉందంటే గెలాక్సీ పెద్దదవుతుంది, మనవరాలంటే రెండు కుటుంబాల ఆస్తి తగాదాలా మిగిలిపోతుంది. నువ్వు ఒప్పుకోకపోవచ్చు. విలన్ రక్తం ఉండి కూడా విలన్ కానని అనడంలోనే అసలు పోరాటం ఉందని వాదించవచ్చు, అది తీసిపారేయాల్సిన వాదన కాదు. అయితే వాదించు. నీ వ్యాసంలో వాదన లేదు, నిర్ధారణ ఉంది.

మరో మాట, ముందు నుంచీ అనుకున్నారు అని నువ్వు పదే పదే రాశావు. 1977లో బెరూ పిన్ని, ల్యూక్‌లో తండ్రి పోలికలు ఎక్కువని అంటుంది, తన భయం కూడా అదేనంటాడు ఓవెన్ బాబాయి. వేడర్ సంగతి తెలిశాక ఆ భయం వింటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ 1978లో లీ బ్రాకెట్ రాసిన రెండో సినిమా మొదటి డ్రాఫ్ట్‌లో ల్యూక్ తండ్రి వేరే మనిషి, ఆత్మ రూపంలో వచ్చి కొడుకుతో మాట్లాడతాడు. వేడర్ వేరు, ఆయన వేరు. కాబట్టి ఓవెన్ మాట ముందే నాటిన విత్తనం అని గట్టిగా చెప్పలేం. ఎవరు ఎప్పుడు అనుకున్నారన్నది పక్కన పెట్టు. పాత మాటకు కొత్త బరువు ఎలా వచ్చిందో చూపించు.

చిన్న చిన్నవి కొన్ని. 2012 నాటి ప్లేగస్ నవల నుంచి నువ్వు తెచ్చిన వివరాలు ఇప్పుడు లెజెండ్స్ (అధికారిక కథలో లెక్కించనివి) కిందికి వస్తాయి, 2014లో పాత నవలలన్నిటినీ అలా పక్కన పెట్టారు కదా. వాడుకో, కానీ ఎక్కడిదో చెప్పి వాడుకో. "నిస్సందేహంగా" అనే మాట కనిపించిన ప్రతిచోటా కొట్టెయ్. వంశవృక్షం బొమ్మ కూడా తీసెయ్, అది చూసినవాళ్లు వ్యాసం చదవరు.

తిరగరాసేటప్పుడు 2024లో వచ్చిన అకొలైట్ సిరీస్ చివరి ఎపిసోడ్‌తో మొదలుపెట్టి చూడు. చీకటి దారి పట్టిన ఖిమిర్, అతని దగ్గర చేరిన ఓషా ఉన్న ద్వీపంలో గుహ చీకట్లోంచి ఒక ముఖం తొంగి చూస్తుంది. అది ప్లేగస్ అని తీసినవాళ్లే చెప్పారు. ఖిమిర్ అతని శిష్యుడా, లేక ప్లేగస్ వాళ్లకు తెలియకుండా కాచుకుని చూస్తున్నాడా? శిష్యుడైతే, ఓషాను శిష్యురాలిగా కోరుకోవడం గురువును చంపే ఏర్పాటా? ఆ ఏడాది ఆగస్టులోనే సిరీస్ ఆపేశారు కాబట్టి జవాబు ఇప్పట్లో వచ్చేలా లేదు. పైగా అక్కడ పుట్టుక గురించి చెప్పేవాడు లేడు, వినేవాడు లేడు. చూసేవాడొక్కడే ఉన్నాడు. అతనికి ఏం కావాలో నువ్వెలా రాస్తావో చూడాలని ఉంది. రాయగానే పంపు.

నీ శ్రేయోభిలాషి,
అన్నయ్య