పెరోల్ అంటే విడుదల కాదు

ప్రశ్న: మా మేనమామకు హత్య కేసులో యావజ్జీవం పడింది, కడప సెంట్రల్ జైల్లో తొమ్మిదేళ్లయింది. కూతురి పెళ్లికి పెరోల్ మీద వచ్చాడు. 14 ఏళ్లకు ఎలాగూ వదిలేస్తారు, నాలుగు రోజులు ఆలస్యంగా పోతే ఏమవుతుందిలే అంటున్నారు ఊళ్లో. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ఆ మాట అన్నవాళ్లు రేపు పోలీసులొస్తే పక్కన నిలబడరమ్మా. పెరోల్ అంటే కొద్దిరోజుల సెలవే, పెళ్లి పందిరి విప్పకపోయినా గడువు రోజుకి జైలు గేటు దగ్గరుండాల్సిందే. ఇక 14 ఏళ్లంటారా, యావజ్జీవం అంటే బతికున్నంత కాలమని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. హత్య కేసుల్లో 14 ఏళ్లు లోపల గడిపాకే ప్రభుత్వం శిక్ష తగ్గించే విషయం చూస్తుంది, అదీ తగ్గించవచ్చు, తగ్గించకపోవచ్చు. గవర్నర్ క్షమాభిక్షకు ఆ లెక్క అడ్డు రాదు గానీ దాన్ని నమ్ముకుని కూర్చోలేం. రేపు ఆయన ఫైలు కదిలినప్పుడు, పెరోల్ మీద పోయి టైముకి వచ్చాడా అనేది తప్పక చూస్తారు. అప్పగింతల ఏడుపులు ముగిసేలోపే ఆయన బ్యాగు సర్దించండి.