గ్లోబ్ నాటకశాలను షేక్‌స్పియర్ కోసం ఎలిజబెత్ రాణి కట్టించిందా?

లేదండి. నటులే కట్టుకున్నారు. లండన్‌లో చదువుకునే రోజుల్లో ఇప్పటి గ్లోబ్‌లో నాటకాలు చూసి, ఆ ఇష్టంతో షేక్‌స్పియర్ ఉన్న ఆ నటుల బృందం చరిత్ర చదివాను.

గ్లోబ్‌కు ముందు వాళ్లు లండన్‌లోని షోర్‌డిచ్‌లో 'ది థియేటర్' అనే శాలలో ఆడేవారు. 1576లో నటుడు జేమ్స్ బర్బేజ్ కౌలు నేలలో కట్టించిన శాల అది. గడువు తీరాక నేల యజమానితో పేచీ వచ్చింది. నేల యజమానిదైనా కట్టడం తమదే అన్నారు బర్బేజ్ కొడుకులు. 1598 డిసెంబర్ చివర్లో, యజమాని ఊళ్లో లేని సమయం చూసి, వడ్రంగి పీటర్ స్ట్రీట్‌ను వెంటబెట్టుకుని వెళ్లి శాలను దూలం దూలంగా విప్పేశారు. ఆ కలపతోనే థేమ్స్ అవతలి ఒడ్డున 1599లో గ్లోబ్ లేచింది.

డబ్బు చాలక, సోదరులిద్దరూ సగం వాటా ఉంచుకుని మిగతా సగం షేక్‌స్పియర్‌తో సహా ఐదుగురు నటులకు ఇచ్చారు. నా దృష్టిలో అసలు గొప్పతనం ఇక్కడే ఉంది. ఆడేవాళ్లే శాలకు యజమానులు; వసూళ్లలో లాభం, నష్టం రెండూ వాళ్లవే. 1603లో ఆ బృందం జేమ్స్ రాజు పోషణలో 'కింగ్స్ మెన్' (రాజుగారి నటులు) అయ్యాకా ఆ పద్ధతి పోలేదు. 1613 జూన్ 29న నాటకం మధ్యలో పేల్చిన ఫిరంగి నిప్పురవ్వలకు గడ్డి కప్పు అంటుకుని శాల బూడిదైతే, మరుసటి ఏడాదికల్లా పెంకుల కప్పుతో మళ్లీ కట్టుకున్నారు. 1642లో పార్లమెంటు నాటకాలను నిషేధించేదాకా అక్కడ ఆడారు.

ఇప్పుడున్నది 1997లో తెరిచిన కొత్త కట్టడం. అమెరికా నటుడు శామ్ వానమేకర్ దశాబ్దాల పట్టుదల ఫలితం. పూర్తికాకముందే 1993లో ఆయన కన్నుమూశారు. వెళితే కుర్చీ టికెట్ కాకుండా నిలబడి చూసే టికెట్ కొనండి, అదే చవక కూడా. గొడుగు తెరవనివ్వరు, వాన కోటు తీసుకెళ్లండి. వేదిక అంచుకు మోచేతులు ఆనించి మధ్యాహ్నం ఆట చూశాను. పట్టపగటి వెలుగులో నటుడు సూటిగా నా కళ్లలోకి చూసి ప్రశ్న అడిగితే, జవాబు చెప్పాలనిపించింది!

షేక్‌స్పియర్ పోయాక ఆయన నాటకాలు 36 పోగుచేసి 1623లో అచ్చుకు ఇచ్చింది కూడా ఈ బృందంలోని హెమింజెస్, కాండెల్ అనే నటులే. 'మ్యాక్‌బెత్'తో సహా వాటిలో సగం దాకా అప్పటికి అచ్చు కానివి.