యూనివర్సల్ క్రెడిట్ అద్దెకు చాలనప్పుడు

బుజ్జి తల్లికి,

ఆశీస్సులు. అద్దె 1,150 పౌండ్లు, యూనివర్సల్ క్రెడిట్‌లో (బ్రిటన్ ప్రభుత్వం తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి నెలనెలా ఇచ్చే భృతి) ఇంటికని వచ్చేది 900, మిగతా 250 నెలనెలా ఇంటిఖర్చులోంచి పోతోందని రాశావు. దానికోసం క్రెడిట్ కార్డు గీకకు. ముందు మీ కౌన్సిల్‌ని, అంటే మీ ఊరి స్థానిక ప్రభుత్వాన్ని అడుగు. అద్దెలో ఇలా తగ్గినదానికి వాళ్లిచ్చే సాయాన్ని డిస్క్రిషనరీ హౌసింగ్ పేమెంట్, పొట్టిగా డీహెచ్‌పీ అంటారు. ఇంగ్లండ్‌లో 2026 ఏప్రిల్ నుంచి ఇది క్రైసిస్ అండ్ రెజిలియెన్స్ ఫండ్‌లో కలిసింది. కాబట్టి కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పాత పేరు కనబడలేదని వెనక్కి రాకు.

మీ ఇద్దరికీ ఐఎల్‌ఆర్ (బ్రిటన్‌లో శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంది కాబట్టి నీకు చెబుతున్నాను. వీసా మీద ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ (ప్రభుత్వ సాయాలు తీసుకోకూడదన్న షరతు) అని ఉన్న స్నేహితులచేత మాత్రం తెలియక అప్లై చేయించకు, వాళ్ల వీసాకే ముప్పు. వాళ్లు ముందు ఇమిగ్రేషన్ సలహాదారుని అడగాలి.

ఇప్పుడు యూనివర్సల్ క్రెడిట్ అకౌంట్ తెరిచి ఈ నెల స్టేట్‌మెంట్ చూడు. హౌసింగ్ అన్న వరసలో ఎంత ఉందో, అడుగున డిడక్షన్స్ కింద ఎంత కోశారో విడివిడిగా రాసుకో. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. యూనివర్సల్ క్రెడిట్ వాళ్లు ముందుగా ఇచ్చిన అడ్వాన్స్ తీర్చడానికో, పాత అప్పుకో కోసిన డబ్బుని కౌన్సిల్ పూడ్చదు. ఆ కోత బరువైతే తగ్గించమని యూనివర్సల్ క్రెడిట్ వాళ్లనే అడగాలి. కౌన్సిల్ చూసేది అద్దెకీ, హౌసింగ్ వరసకీ మధ్య తేడా. అద్దెలో కరెంటు, నీళ్ల బిల్లు కలిసి ఉంటే ఆ భాగం రాదు. అద్దె వారం లెక్కన కడుతుంటే 52తో గుణించి 12తో భాగించు. నాలుగు వారాలే నెల అనుకుంటే లెక్క తక్కువ పడుతుంది.

తేడా ఎందుకొచ్చిందో కూడా పేరుపెట్టి రాయాలి. ప్రైవేటు ఇల్లు కాబట్టి మీకు వర్తించేది లోకల్ హౌసింగ్ అలవెన్స్. మీ ప్రాంతపు అద్దెల్లో కింది 30 శాతం ఇళ్ల స్థాయికి కట్టిన పరిమితి అది. బాబుకి 8, పాపకి 6 కాబట్టి ఇద్దరికీ కలిపి ఒకే గది లెక్క, మీకు రెండు బెడ్‌రూముల రేటు. బాబుకి పదేళ్లు నిండితే మూడు గదుల రేటు వస్తుంది, ఆ తేదీ ఇప్పుడే గుర్తుపెట్టుకో.

బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు. అందులో నెలనెలా ఇండియాకి వెళ్లే డబ్బు అధికారి కంటికి ముందు కనిపిస్తుంది. దాచకు. అమ్మకి మందులకని పంపుతుంటే పక్కనే పెన్నుతో ‘తల్లి వైద్యం’ అని ఇంగ్లిషులో రాసి, బిల్లు ఫోటో జతచెయ్యి. అది లేకపోతే మిగులు డబ్బు అనుకుంటారు. ఖర్చుల పట్టీలో తిండికి మరీ తక్కువ వేసి పొదుపు చూపించాలనుకోకు. లెక్క నమ్మరు, పైగా మీకు తేడా కట్టుకునే శక్తి ఉందనిపిస్తుంది.

మరో సంగతి, మనవాళ్లు తరచూ మరిచేది. ఊళ్లో మీ పేరున ఉన్న ప్లాటు, పొలం కూడా ఆస్తి కిందికే వస్తాయి. 6,000 పౌండ్లు దాటితే యూనివర్సల్ క్రెడిట్ తగ్గుతుంది, 16,000 దాటితే ఆగిపోతుంది. మీ పేరున ఉన్న ఇంట్లో పెన్షన్ వయసు దాటిన అమ్మానాన్న ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేసే వీలుంది, అయినా చెప్పి తీరాలి. చెప్పకుండా దొరికితే తిరిగి కట్టమంటారు.

ఫారంలో ‘కష్టంగా ఉంది, సాయం చేయండి’ అని రాస్తే అధికారికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఇలా రాయి: ఫలానా నెల నుంచి మా ఆయన పని గంటలు తగ్గాయి, తేడా 250, ఆరు నెలలు కావాలి, ఈలోపు ఫలానా తేదీకి కొత్త ఉద్యోగ శిక్షణ పూర్తవుతుంది, పిల్లల బడి ఇక్కడే కాబట్టి ఇప్పుడు ఇల్లు మారలేం. ఈ సాయం తాత్కాలికం. తేడా ఎలా తీరుతుందో చూపించినవాళ్ల మీదే అధికారికి నమ్మకం కుదురుతుంది. బకాయి ఉంటే ఓనరు పంపిన మెసేజ్, అద్దె ఒప్పందం కూడా పెట్టు. చవకైన ఇల్లు దొరికితే అక్కడి డిపాజిట్టుకీ, ముందస్తు అద్దెకీ కూడా ఇదే దారిలో అడగవచ్చు.

కాదన్నారా, కారణం రాతపూర్వకంగా అడుగు. కౌన్సిల్‌లోనే మళ్లీ చూడమని ఉత్తరం రాయి, వాళ్ల లెటర్లో ఉన్న గడువులోపే. దీనికి ట్రిబ్యునల్‌కి అప్పీలు లేదు, అందుకే రెండో ఉత్తరం గట్టిగా ఉండాలి. రాసేముందు సిటిజన్స్ అడ్వైస్, షెల్టర్ అనే సలహా సంస్థల్లో ఒకదానికి చూపించు, డబ్బు తీసుకోరు. మంజూరైతే ఆఖరి నెల ఎప్పుడో చూసుకుని, దానికి నెల ముందే మళ్లీ అప్లై చెయ్యి. తనంతట అది కొనసాగదు.

స్టేట్‌మెంటు స్క్రీన్‌షాట్ పంపు, అంకెలు కలిసి చూద్దాం.

మీ పెద్దమ్మ