దిగుమతి గాజు సామాను దారిలో పగలకుండా ప్యాకింగ్‌ను ఎలా పరీక్షించాలి?

బేగంబజార్ షాపుకి చైనా నుంచి తెప్పిస్తున్న గ్లాసులు పగిలి వస్తున్నాయన్నారు. సరుకు ఓడ ఎక్కకముందే, ఫ్యాక్టరీ దగ్గరే డ్రాప్ టెస్ట్ (ప్యాక్ చేసిన పెట్టెను ఎత్తు నుంచి పడేసి చూడటం) చేయించండి. సనత్‌నగర్ ఐసీడీకి (కంటైనర్ డిపోకి) చేరాక చూసుకుని లాభం లేదు.

ఇస్టా (రవాణా ప్యాకింగ్ పరీక్షల ప్రమాణాలు రాసే అంతర్జాతీయ సంస్థ) వారి 1ఏ పద్ధతిలో పది కిలోల లోపు పెట్టెను ముందు వైబ్రేషన్ టేబుల్ మీద కుదుపుతారు. తర్వాత 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 10 సార్లు పడేస్తారు: ఒక మూల మీద, ఆ మూలలో కలిసే మూడు అంచుల మీద, ఆరు వైపులా. నన్నడిగితే మూల మీద పడే దెబ్బే అసలైన పరీక్ష, బరువంతా ఒక్కచోటే పడుతుంది. అట్ట నలిగినా ఫర్వాలేదు, గ్లాసుకి గీత కూడా పడకూడదు. పెట్టె విప్పి ప్రతి గ్లాసూ చూపించే వీడియో అడగండి.

కంటైనర్‌లో తేమకి అట్ట మెత్తబడి అడుగు పెట్టెలు కుంగుతాయి, కాబట్టి కంప్రెషన్ టెస్ట్ (పెట్టె మీద బరువు మోపి ఎంత తట్టుకుంటుందో చూడటం) కూడా చేయించాలి.