తొమ్మిదో లెవెల్ పక్కన ఒకటో లెవెల్: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి అమ్ములుకు మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తలో పాత్రా పట్టి, పాచికలు వేస్తూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను ఆదివారాలు సీతమ్మధార ఇంట్లో నువ్వే నడపబోతున్నావని అక్క ఫోనులో చెప్పగానే పొంగిపోయాను. కానీ కాలేజీ స్నేహితులిద్దరూ పాత ఆటలో తొమ్మిదో లెవెల్ దాకా ఎదిగిన పాత్రలతోనే వస్తారనీ, తమ్ముడూ హాస్టల్ అమ్మాయీ మాత్రం ఒకటో లెవెల్ నుంచే మొదలుపెట్టాలని నువ్వు పట్టుబట్టావనీ విన్నాక గుండె గుభేలుమంది. కష్టపడి ఎక్కినవాళ్లకీ కొత్తవాళ్లకీ తేడా ఉండొద్దా అన్నావట. ఆ తేడా ఎవరికి ఎక్కడ తగులుతుందో ముందు లెక్క చూడు తల్లీ.

2014లో వచ్చిన ఈ ఆట నియమాల ఐదో ఎడిషన్, దెబ్బ తగిలే అవకాశం విషయంలో లెవెళ్ల మధ్య దూరాన్ని బాగా తగ్గించింది. కవచం విలువ 15 ఉన్న శత్రువును ఒకటో లెవెల్ ఫైటర్, అంటే యోధుడి పాత్ర, 55 శాతం సార్లు కొట్టగలిగితే, తొమ్మిదో లెవెల్ ఫైటర్ దాదాపు 75 శాతం సార్లు కొడతాడు. అసలు అంతరం ప్రాణంలో ఉంది: ఒకరికి 12 హిట్ పాయింట్లుంటే మరొకరికి 76 ఉంటాయి. పెద్దవాళ్లకు దీటుగా ఉండాలని నువ్వొక మాంత్రికుణ్ణి శత్రువుగా తెస్తావు, వాడు ఫైర్‌బాల్ అనే నిప్పు మంత్రం విసురుతాడు. దానికి ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేస్తారు, సగటున 28 పడుతుంది. పెద్దవాళ్లకు అది చురుక్కుమంటుంది, అంతే. తమ్ముడి రోగ్‌కు, అంటే దొంగ పాత్రకు, 9 హిట్ పాయింట్లుంటే, సున్నాకు చేరాక ఇంకా 19 మిగులుతుంది. అది వాడి మొత్తం ప్రాణం కంటే ఎక్కువ కాబట్టి, స్పృహ తప్పడమూ కోలుకోవడమూ అనే మాట లేకుండా అక్కడికక్కడే పోతాడు. పాచిక కలిసివచ్చి సగం దెబ్బతో తప్పించుకున్నా నేలమీద పడి ఉంటాడు.

కాబట్టి నలుగురినీ ఒకే లెవెల్లో మొదలుపెట్టించి, ఒకేసారి ఎక్కించు.

అంతటితో పని అయిపోతే ఈ ఉత్తరమే రాసేవాణ్ణి కాదు. 2000లో మూడో ఎడిషన్ వచ్చిన కొన్నేళ్లకు, పెదవాల్తేరులో ఒక స్నేహితుడి మేడమీది గదిలో మేం ఆడేవాళ్లం. పుస్తకం ఒక్కటే, మిగతావన్నీ జిరాక్సు కాగితాలు. గాజువాక నుంచి బస్సులో వచ్చే కుర్రవాడొకడు రోగ్ పాత్ర ఆడేవాడు. లెవెళ్లు అందరివీ సమానమే. వాడు తన నేర్పంతా తాళాలు తీయడంలోనే పెట్టుకున్నాడు. ఒకరోజు కథలో ఖజానా తలుపు ఎదురైంది. వాడు పాచికను చొక్కాకు తుడుచుకుని, "తాళం ఎలాంటిదండీ?" అని అడుగుతూ ఉండగానే, విజార్డ్, అంటే మాంత్రికుడి పాత్ర, ఆడే ఆయన కాగితంలోంచి తల కూడా ఎత్తకుండా "నాక్ మంత్రం" అన్నాడు. ఆ ఎడిషన్‌లో దానికి పాచిక కూడా అక్కర్లేదు. తలుపు తెరుచుకుంది. పాచిక కుర్రవాడి గుప్పిట్లోనే ఉండిపోయింది.

ఆట నడిపే మిత్రుడు అది గమనించకపోలేదు, కానీ మందు వేరే చోట వేశాడు. మరుసటి వారం వాడికి మంత్రపు బాకు ఇచ్చాడు, ఆ పైవారం ఇంకా గట్టి తాళాలు పెట్టాడు. గట్టి తాళమైతే మంత్రానికేమిటి, మామూలు తాళమైతేనేమిటి? మంత్రాలు రోజుకు ఇన్నేనని లెక్క ఉన్నది ఎందుకో ఆలోచించలేదు. ఒక తలుపు తీసి, ఒక గది దోచి, అక్కడే పక్కలు పరుచుకుని పడుకుంటామంటే సరేననేవాడు. తెల్లారేసరికి విజార్డ్‌కు మంత్రాలన్నీ మళ్లీ సిద్ధం. ఎన్నిసార్లయినా తాళం తీయగల మనిషి విలువ, మంత్రాలు అయిపోయిన సాయంత్రం కదా తెలిసేది? ఆ సాయంత్రం ఆ ఆటలో ఎప్పుడూ రానేలేదు. కుర్రవాడు తన వంతు వచ్చినప్పుడల్లా "నా తరఫున మీరే వేసేయండి, నేను టీ తెస్తాను" అని కిందికి దిగడం మొదలుపెట్టాడు. తర్వాత బస్సు దొరకలేదన్నాడు. ఆ తర్వాత కారణం చెప్పడం కూడా మానేశాడు.

అందుకే నిద్ర నీ చేతుల్లో ఉంచుకో. మొదటి గదికీ చివరి గదికీ మధ్య కావలివాళ్లు రావాలి, పొద్దు గడవాలి, ఆలస్యం చేస్తే బందీని ఓడెక్కించి తీసుకుపోవాలి. నీ ఎడిషన్‌లో నాక్ మంత్రం వేస్తే చప్పుడు 300 అడుగుల దాకా వినిపిస్తుందని నియమమే ఉంది. దాన్ని చూసీచూడనట్టు వదిలెయ్యకు. తమ్ముడు చప్పుడు కాకుండా తీస్తాడు.

లెవెళ్ల తేడా ఉండి తీరాలంటావా, 1987లో వచ్చిన ఆర్స్ మాజికా అనే ఇలాంటి మరో ఆట పద్ధతి చూడు. అందులో మాంత్రికుడికీ అతని వెంట నడిచే బంటుకూ సమానబలం ఉన్నట్టు నటించరు; కానీ ఒక్కొక్కరికీ ఒక మాంత్రికుడుంటాడు, ఒక వారం నువ్వు మాంత్రికుడివైతే మరో వారం నేను. చిన్న పాత్ర ఒకరి నెత్తినే ఉండిపోదు.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను, నిజమే. ఆర్కే బీచ్‌లో ఇసుకగూళ్లు కట్టేటప్పుడు పిల్లలందరి చేతా నీళ్లు మోయించి, గోపురం మాత్రం నువ్వే కట్టేదానివి. తమ్ముడు నోరెత్తేవాడు కాదు. ఇప్పుడూ ఎత్తడు, బాగానే ఉందక్కా అంటాడు. అడిగి తెలుసుకోవడం కాదు, వాడు టీకి లేస్తున్నాడేమో చూసుకో. అయినా ఎవరి గూడు కూలినా మొదట పరిగెత్తేదానివి నువ్వేనని కూడా నాకు గుర్తుంది.

కొత్తవాళ్లిద్దరి పాత్రల కాగితాలు ఫోటో తీసి పంపు, మొదటి తలుపు ఎక్కడ పెట్టాలో కలిసి చూద్దాం. హాస్టల్ అమ్మాయిని గేటు మూసేలోగా దింపి రమ్మని బావగారికి ముందే చెప్పు.

ఇట్లు,
మామయ్య