బీవీఎస్సీ చేసినవారు అమెరికాలో వెటర్నరీ లైసెన్స్ తెచ్చుకోవడం ఎలా?

తిరుపతిలోనో రాజేంద్రనగర్‌లోనో బీవీఎస్సీ చేసి అమెరికాలో ప్రాక్టీస్ పెట్టాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు. మన కాలేజీలకు అక్కడి పశువైద్యుల సంఘం ఏవీఎంఏ అక్రెడిటేషన్ (గుర్తింపు) లేదు కాబట్టి, విదేశాల్లో చదివిన పశువైద్యుల అర్హతను తేల్చే ఈసీఎఫ్‌వీజీ సర్టిఫికెట్ కావాలి. పేవ్ అనే ఇంకో దారీ ఉంది. దాన్ని ఒప్పుకుంటారో లేదో మీరు వెళ్లే రాష్ట్రపు బోర్డును ముందే అడగండి.

ఈసీఎఫ్‌వీజీలో నాలుగు దశలు. దరఖాస్తు, డిగ్రీ పత్రాలు మొదటిది, ఇంగ్లిష్ రెండోది. మూడోది బీసీఎస్ఈ: కంప్యూటర్ మీద 225 ప్రశ్నలు, అనాటమీ నుంచి సర్జరీ దాకా. శ్రద్ధగా చదివితే దాటవచ్చు.

అసలు గండం నాలుగోది, సీపీఈ. మూడు రోజులపాటు చేసి చూపించాల్సిన పరీక్ష. అనస్తీషియా, సర్జరీ, ఇమేజింగ్, చిన్న జంతువుల వైద్యం, పాడిపశువులు, గుర్రాలు, పోస్ట్‌మార్టం అని ఏడు విభాగాలు. సర్జరీలో ఆడకుక్కకు స్పే (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) చేయాలి. వీధికుక్కలకు ఈ ఆపరేషన్ చేసే మన ఏబీసీ కేంద్రాల్లో చాలాచోట్ల పక్క డొక్క కోసి చేస్తారు; అక్కడ పొట్ట మధ్యగీత మీద కోయడమే వాడుక. అందుకే బయల్దేరేముందు ఆ పద్ధతిలో చేయి తిరగాలి. గ్లవ్ వేసిన చేయి డ్రేప్ (ఆపరేషన్ చోటు చుట్టూ కప్పే స్టెరైల్ గుడ్డ) బయట తగిలిందని గమనించకుండా సర్జరీ కొనసాగించడం, అండాశయం దగ్గర లిగేచర్ (రక్తనాళాన్ని బిగించిన దారం ముడి) జారిపోవడం చాలా ప్రమాదకరమైన తప్పులు. గుర్రాలను పట్టే అలవాటు మనవాళ్లలో చాలామందికి తక్కువ. దానికి విడిగా సాధన చేయండి.

వీటితో పాటు నావ్లే అనే 360 ప్రశ్నల లైసెన్సింగ్ పరీక్ష కూడా పాసవ్వాలి. లైసెన్స్ ఇచ్చేది మాత్రం రాష్ట్ర బోర్డే. కొన్నిచోట్ల ఆ రాష్ట్ర చట్టాల మీద మరో చిన్న పరీక్ష ఉంటుంది.