క్లాస్ 4 అంటే నాలుగో దశేనా?

సందేహం: మా కోడలికి లూపస్ (శరీర రక్షణ వ్యవస్థ సొంత అవయవాల మీదే దాడి చేసే జబ్బు) ఉంది. కిడ్నీ బయాప్సీ రిపోర్టులో ‘లూపస్ నెఫ్రైటిస్, క్లాస్ 4’ అని వచ్చింది. ఇంట్లో అందరూ ‘నాలుగో దశ, కిడ్నీలు ఖరాబైనయ్’ అంటున్నారు. ఈ మాటలు సరైనవేనా? ‘కిడ్నీ వాపు’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, వనస్థలిపురం, హైదరాబాద్

సమాధానం: ‘దశ’ తప్పమ్మా. దశ అంటే ఒకదాని తర్వాత ఒకటి వచ్చేది. లూపస్ నెఫ్రైటిస్‌లో, అంటే లూపస్ వల్ల కిడ్నీకి వచ్చే జబ్బులో, క్లాసులు అలా వరుసగా రావు. 2003లో రూపొందించిన వర్గీకరణలో ఇవి 6. మైక్రోస్కోపు కింద దెబ్బ ఎలా కనిపించిందో చెబుతాయి. రక్తాన్ని వడగట్టే సన్నని నాళాల గుత్తుల్లో సగం కన్నా తక్కువ దెబ్బతింటే క్లాస్ 3, సగమో అంతకు మించో అయితే క్లాస్ 4. క్లాస్ 5 తీరే వేరు, మూత్రంలో ప్రోటీన్ బాగా పోతుంది. అది 3తోనో 4తోనో కలిసి కూడా రావచ్చు. కాబట్టి ‘నాలుగో రకం’ అనండి, లేదా క్లాస్ అనే ఉంచేయండి. ‘తరగతి’ వద్దు, ఏటా పై తరగతికి పోతామన్న ధ్వని వస్తుంది.

దశలు వేరే ఉన్నాయి. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకు వడపోత వేగాన్ని బట్టి 5 దశలు: నిమిషానికి 15–29 మిల్లీలీటర్లు ఉంటే నాలుగోది, 15 కన్నా తగ్గితే అయిదోది. క్లాస్ 4 ఉన్నా కొందరిలో వడపోత దాదాపు మామూలుగానే ఉంటుంది. అలాగని తేలిక జబ్బు కాదు. స్టెరాయిడ్లతో పాటు మైకోఫినోలేట్ లాంటి గట్టి మందులు వెంటనే మొదలుపెడతారు.

ఇక ‘వాపు’. మూత్రం అడ్డుపడి కిడ్నీ ఉబ్బినా మనవాళ్లు కిడ్నీ వాపనే అంటారు. ప్రోటీన్ పోయి కాళ్లు, మొహం ఉబ్బినా వాపే. ‘శోథ’ అందామంటే సంస్కృతంలో దానికీ వాపనే అర్థం. ‘ఇన్ఫెక్షన్’ అసలే కాదు, ఇక్కడ క్రిమి లేదు. శరీరం తన సొంత పదార్థాలపైనే తయారుచేసుకున్న యాంటీబాడీలు ఆ గుత్తుల్లో పేరుకుని చిచ్చు పెడతాయి. నెఫ్రైటిస్ అనే మాటనే వాడుకోవడం నయం.

‘ఖరాబు’ మీద నాకు అభ్యంతరం లేదు, చక్కటి హైదరాబాదీ మాట. చిక్కంతా ‘ఐనయ్’ అన్న భూతకాల క్రియతోనే. రగులుతున్న భాగం మందులతో చల్లారుతుంది. మచ్చకట్టిన భాగం తిరిగి రాదు. చాలా బయాప్సీ రిపోర్టుల్లో ఈ రెంటికీ వేర్వేరు అంకెలుంటాయి: రగులుతున్నదానికి యాక్టివిటీ, 24కి; మచ్చకట్టినదానికి క్రానిసిటీ, 12కి. మొదటిది ఎక్కువై రెండోది తక్కువుంటే ‘ఖరాబవుతున్నయ్’ అనాలి. 90 శాతానికి పైగా గుత్తులు గట్టిపడిపోయిన క్లాస్ 6కైతే మీవాళ్ల వాక్యం సరిపోతుంది.